రెండు తాళంచెవులు, ఒక సేఫు: ఆఫీసు ప్రేమకథ రాయడం ఎలా

మీరు ఇప్పటికే రాసిన ఆఫీసు ప్రేమకథ ఏదైనా ఉంటే ముందు దాన్ని బయటికి తీయండి. ఆఫీసు అన్న చోటల్లా కాలేజీ అని పెట్టి చదవండి. మేనేజరు లెక్చరర్ అవుతాడు, ప్రాజెక్టు రికార్డు బుక్కు అవుతుంది, క్యాంటీన్ క్యాంటీన్‌గానే ఉంటుంది. కథ ఎక్కడా తడబడకుండా సాగిపోయిందా? అయితే అందులో ఆఫీసు లేదు. ఏసీ, ఐడీ కార్డు, కాఫీ మెషీన్ ఉన్నాయి, అంతే.

ఆన్‌లైన్ సీరియళ్లలో కనిపించే ఆఫీసు ప్రేమలు చాలావరకు ఇక్కడే దొరికిపోతాయి. హీరో సీఈవో, వయసు ఇరవై ఎనిమిది, కళ్లల్లో కోపం. ఆ కంపెనీ ఏం అమ్ముతుందో నూరు భాగాలు గడిచినా మనకు తెలీదు. ఆఫీసు ప్రేమకు సూత్రం ఒక్కటే: ఇద్దరినీ కలిపేది పనే కావాలి, ఇద్దరికీ అడ్డుపడేది కూడా ఆ పనే కావాలి. కింద చెప్పేదంతా ఈ సూత్రాన్ని కథలోకి దించే పద్ధతి.

ఉదాహరణకు మొదటి నుంచి చివరిదాకా ఒకే కథ పట్టుకుందాం. తణుకు దగ్గర ఒక మండల కేంద్రంలో ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖ. సిబ్బంది ఆరుగురు. మౌనిక, ఇరవై ఏడేళ్లు, కరీంనగర్ నుంచి వచ్చిన ఆఫీసరు. భాస్కర్, ముప్పై ఒకటి, అదే ఊరివాడు, హెడ్ క్యాషియర్.

మొదటి మెట్టు: మనుషుల కంటే ముందు పని

పాత్రల పేర్లు, చీర రంగులు తర్వాత చూసుకోవచ్చు. ఒకరు లేకుండా ఇంకొకరు చేయలేని పని ఏదో ముందు వెతకండి. పక్కపక్క సీట్లలో కూర్చోవడం చాలదు. పక్క సీటువాడితో నెలల తరబడి మాట్లాడకుండా గడిపేసేవాళ్లు ఎంతమంది లేరు!

బ్యాంకులో ఆ పని తయారుగా ఉంది. నగదు సేఫుకు రెండు తాళాలుంటాయి. ఒకటి క్యాషియర్ దగ్గర, రెండోది ఆఫీసర్ దగ్గర. రెండూ పడితేనే తలుపు తెరుచుకుంటుంది. ఒకే మనిషి రెండూ పట్టుకోకూడదు. పొద్దున కౌంటరు మొదలయ్యే లోపు ఇద్దరూ కలిసి తెరవాలి, సాయంత్రం నగదు సరిచూసుకుని ఇద్దరూ కలిసి మూయాలి. గొడవలున్నా, జ్వరమొచ్చినా, ముందు రోజు మాటామాటా అనుకున్నా సరే. రోజుకు రెండుసార్లు ఈ ఇద్దరినీ ఒక చిన్న గదిలో నిలబెట్టే పని మీకు ఉచితంగా దొరికింది. వానలో ఒకే గొడుగు, లిఫ్టు ఆగిపోవడం లాంటివి ఇక వెతుక్కోనక్కర్లేదు.

వేరే చోటు ఎంచుకుంటే ఇలాంటి ముడి అక్కడా ఉంటుంది. ఆర్టీసీలో డ్రైవరు, కండక్టరు. ఆసుపత్రిలో నైట్ డ్యూటీ నర్సు, హౌస్ సర్జను. సాఫ్ట్‌వేర్‌లో కోడు రాసేవాళ్లు, అందులో తప్పులు పట్టే టెస్టరు. ముడి దొరక్కపోతే ఆ చోటు వదిలేయండి. మీకు అలవాటైన చోటు కదా అని పట్టుకు వేలాడితే ఐదో భాగానికల్లా కథ కాఫీ షాపుకు పారిపోతుంది.

రెండో మెట్టు: ఒక మామూలు రోజు పట్టీ

ఒక తెల్ల కాగితం మీద ఏ విశేషమూ లేని ఒక రోజును గంటల వారీగా రాయండి. కథలోకి ఇది రాదు. కానీ ఇది లేకపోతే మీ పాత్రలు ఎప్పుడు చూసినా ఖాళీగా ఉంటాయి.

తొమ్మిదిన్నర దాటాక అటెండరు షట్టరు ఎత్తుతాడు. పదికి కౌంటరు. పన్నెండు దాకా పింఛన్లు, డ్వాక్రా సంఘాల మహిళలు, పాసుబుక్కు ప్రింట్లు. మధ్యాహ్నం బంగారం మీద అప్పులకు వచ్చే రైతులు. మూల కుర్చీలో బంగారం విలువ కట్టే అప్రైజరు గీటురాయి, త్రాసు పెట్టుకుని కూర్చుంటాడు. నాలుగు తర్వాత నగదు లెక్క. వంద నోట్లు ఒక ప్యాకెట్టు, పది ప్యాకెట్లు ఒక బండిల్. ఐదు వందల నోట్ల ప్యాకెట్టంటే యాభై వేలు, బండిలంటే ఐదు లక్షలు. చేతిలో ఉన్న నగదు సిస్టమ్ చూపించే అంకెతో నోటు నోటుకూ సరిపోవాలి. సరిపోయాకే సేఫు మూత.

ఇప్పుడు ఆ పట్టీలో ఇద్దరూ తప్పనిసరిగా ఎదురుపడే చోట్లకు ఎర్ర సున్నా చుట్టండి. ఎవరూ చూడని క్షణాలకు నీలం సున్నా. మన శాఖలో ఎర్రవి నాలుగో ఐదో వస్తాయి, నీలం ఒకటే వస్తుంది, అదీ రెండు నిమిషాలు. సేఫు ఉండే స్ట్రాంగ్ రూమ్ బయట కూడా కెమెరా ఉంటుందని మరిచిపోకండి. ఆ రెండు నిమిషాల్లో ప్రేమ ఎంతని పడుతుంది? ఒక్క వాక్యం. అందుకే ఆ వాక్యానికి బరువు.

పట్టీతో పాటు సెలవుల జాబితా కూడా దగ్గర పెట్టుకోండి. 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు. నాలుగో శనివారం కౌంటర్లో నడిచే సీను రాస్తే, బ్యాంకులో పనిచేసే పాఠకురాలు అక్కడే చదవడం ఆపేస్తుంది. తర్వాతి పేజీలో మీరు ఎంత గొప్పగా రాసినా ఆమెకు తెలీదు.

మూడో మెట్టు: ఎవరు ఎవరికి పై అధికారి, ఎవరికి ఎంత నష్టం

రెండు గళ్లు గీయండి. ఈ సంగతి బయటపడితే ఈమెకు ఏం పోతుంది, అతనికి ఏం పోతుంది? రెండు గళ్లలోనూ ఒకే మాట వస్తే కథ చప్పబడుతుంది.

మౌనిక హోదాలో పైన, వయసులో కింద. ఊరికి కొత్త. రూల్సు పక్కాగా పాటించే ఆఫీసరన్న పేరే ఆమె ఆస్తి. భాస్కర్ సంగతి వేరు. ఆఫీసరు ప్రమోషన్‌కు అర్హతుండీ తీసుకోలేదు, తీసుకుంటే బదిలీ. ఇంట్లో మంచం పట్టిన తల్లి, కొబ్బరి తోటలో నాన్న వాటా. బదిలీ భయంతో ఏళ్లకేళ్లు గుమాస్తా సీటులోనే ఉండిపోయేవాళ్లు బ్యాంకుల్లో చాలామంది. అది సోమరితనమనుకునే పై అధికారులూ ఉంటారు. మొదట్లో మౌనిక కూడా అలాగే అనుకోవాలి. ఆమె అభిప్రాయం మారే చోటే ప్రేమ మొదలయ్యే చోటు. దాన్ని మాటల్లో చెప్పొద్దు. ఆయన తల్లికి మందులు వేసే వేళకు రోజూ ఫోన్ మోగడం ఆమె గమనిస్తే చాలు.

ఇంకో లెక్క. ఈ ఇద్దరూ పెళ్లి చేసుకుంటే తాళాల సంగతి ఏమవుతుంది? ఒకరి మీద ఒకరికి కాపలాగా ఉండడానికే రెండు తాళాలు. మొగుడూ పెళ్లాం చెరొకటి పట్టుకుంటే కాపలా ఎక్కడిది? అంటే ప్రేమ సంగతి చెప్పిన రోజున ఒకరు తాళం వదులుకోవాలి. చెప్పకుండా నడిపితే ప్రతి సాయంత్రం రిజిస్టర్లో పెట్టే సంతకం కొంచెం కొంచెం అబద్ధమవుతుంది. కలిపిన పనే అడ్డుపడటమంటే ఇదే. మీరు ఎంచుకున్న ఆఫీసులోనూ ఇలాంటి మెలిక దొరికేదాకా ప్లాటు మొదలుపెట్టకండి.

నాలుగో మెట్టు: పిలుపు

తెలుగులో ప్రేమకథ రాసేవాళ్లకు భాష ఇచ్చిన గొప్ప పనిముట్టు పిలుపే. తొందరపడి దాన్ని వాడిపారేస్తాం.

ముందుగా ఒక హెచ్చరిక. మన ఆఫీసుల్లో, తెలంగాణలో మరీను, తోటి ఉద్యోగిని అన్నా అని, అక్కా అని పిలవడం మామూలు. ఒకసారి హీరోయిన్ నోట హీరోను అన్నా అనిపించారంటే ఆ దారి మూసుకుపోయినట్టే. తెలుగు పాఠకుడు దాన్ని మరిచిపోడు. మౌనిక శాఖలో అందరినీ అన్నా అంటూ భాస్కర్‌ను మాత్రం భాస్కర్ గారు అందనుకోండి. ఆ తేడాను ఆమె కంటే ముందు అటెండరు పసిగడతాడు. ఆ ఒక్క తేడాతో ఒక భాగం నడుస్తుంది.

పిలుపు మారే వరుసను ముందే రాసిపెట్టుకోండి. మన కథకు ఇలా:

భాస్కర్ వైపు నుంచి: మేడమ్ గారు, మేడమ్, మౌనిక గారు, మౌనికా.
మౌనిక వైపు నుంచి: భాస్కర్ గారు, భాస్కర్, ఆ తర్వాత ఏ పిలుపూ లేకుండా సూటిగా మాట.

ఒక్కో మెట్టుకు మధ్య కనీసం మూడు నాలుగు సీన్లు ఉండాలి. ఇక మీరు నుంచి నువ్వుకు మారడం దగ్గర హోదా అడ్డొస్తుంది. గుమాస్తా ముందుగా నువ్వు అంటే తెగింపు. ఆఫీసరు ముందుగా నువ్వు అంటే? చనువు కావచ్చు, చులకన కూడా కావచ్చు. ఆమె చనువుతో అన్నది అతను చులకనగా వింటాడు. రెండు రోజులు మేడమ్ గారూ అంటూ దూరం జరుగుతాడు. ఆమెకు కారణం అర్థం కాదు. ఈ అపార్థానికి విలన్ అక్కర్లేదు, మరదలు అక్కర్లేదు, పోయిన ఫోను అక్కర్లేదు. ఒక్క సర్వనామం చాలు.

మీరుకూ నువ్వుకూ మధ్య ఒక సందిగ్ధ కాలం ఉంటుంది, నిజజీవితంలో మనమంతా దాన్ని దాటినవాళ్లమే. అప్పుడు మనిషి ఎటూ తేల్చని వాక్యాలు వాడతాడు. "తిన్నారా?" అనడు, "తిన్నావా?" అనడు. "భోజనం అయిందా?" అంటాడు. "ఇంటికేనా?" "లేటవుతుందేమో." "ఈ కూర ఇంట్లో చేసిందేనా?" కర్త లేని, గౌరవ ప్రత్యయం లేని మాటలు. ఈ దశలో ఇద్దరి సంభాషణలన్నీ ఇలాగే రాయండి, ఒక్కచోట కూడా జారకుండా. కష్టమే, ఒకటికి రెండుసార్లు తిరగరాయాల్సి వస్తుంది. అలా ఒక పదిహేను పేజీలు నడిపాక ఆమె నోటి నుంచి "వచ్చావా" అన్న మాట పడితే, పాఠకుడు పుస్తకం పక్కన పెట్టి ఒకసారి నవ్వుకుంటాడు.

జనం ముందు పిలుపు వెనక్కి వెళ్తుంది. కౌంటర్ దగ్గర మళ్లీ మేడమే. అందుకే రహస్యం బయటపడే సీనుకు పట్టుబడటాలు, ఫొటోలు వద్దు. మార్చి నెల, రద్దీ, వరుసలో ముప్పైమంది. సంతకం కావలసొచ్చి భాస్కర్ తల ఎత్తకుండా "మౌనికా, ఈ ఓచరు" అంటాడు. బ్యాంకులో ఒక్క క్షణం ప్రింటరు చప్పుడు మాత్రమే వినిపిస్తుంది.

యాస గురించి రెండు మాటలు. మౌనిక కరీంనగర్ మనిషి కాబట్టి ప్రతి వాక్యానికీ గట్ల, గిట్ల తగిలించకండి. ఉద్యోగం మీద బయటి ఊళ్లో ఉన్నవాళ్లు ఆఫీసులో యాస తగ్గించుకుంటారు. అమ్మతో ఫోన్లోనూ, కోపంలోనూ బయటికొస్తుంది. "ఏమైందట? మంచిగనే ఉన్న" అని ఫోన్లో అన్నది భాస్కర్ వింటే, అతనికి ఇంకో మౌనిక పరిచయమవుతుంది. అతని ఆయ్, అండి అన్న గోదావరి మాటల్ని కూడా నవ్వు పుట్టించడానికి వాడకండి. వాటిని వాడుతూనే అతను కోప్పడగలడని, అబద్ధమాడగలడని చూపించండి.

ఐదో మెట్టు: చూసేవాళ్లు

ఆఫీసు ప్రేమలో మూడో మనిషి విలన్ కానక్కర్లేదు, చూసేవాడైతే చాలు. అలాంటివాళ్లు ముగ్గురు చాలు, అంతకు మించితే పేర్లు గుర్తుండవు. మన శాఖలో టీ తెచ్చే అటెండరు, రోజంతా మూలన కూర్చుని అందర్నీ చూసే అప్రైజరు, ఎదురుగా జిరాక్సు షాపువాడు.

పుకారుకు ఒక పద్ధతుంది. నోరు మారినప్పుడల్లా ఒక్క మాట మారాలి, ఆ మారిన మాట చెప్పేవాడి స్వభావాన్ని బట్టి ఉండాలి.

అటెండరు: "మేడమ్ గారు ఇయ్యాల లేటుగా ఎల్లారండి."
అప్రైజరు: "ఇద్దరూ లేటుగానే వెళ్లారంట కదా."
జిరాక్సు షాపు: "ఆ బ్యాంకులో డబ్బు తేడా వచ్చిందంట. ఆళ్లిద్దరూ కలిసే ఉన్నారంట."

చూశారా, మూడో నోటికి వచ్చేసరికి ప్రేమ పుకారు కాస్తా డబ్బు పుకారైంది. బ్యాంకు కథలో పుకారు ఇలాగే నడవాలి, ఎందుకంటే ఊరికి బ్యాంకంటే డబ్బు. అదే స్కూలు కథైతే పిల్లల తల్లిదండ్రుల వైపు తిరుగుతుంది, ఆసుపత్రి కథైతే రోగి ప్రాణం వైపు.

పుకారు పాఠకుడికి ముందు తెలియాలి, జంటకు చివర తెలియాలి. ఈ వరుస తిరగేస్తే బిగువు పోతుంది.

లంచ్ బాక్సుల్ని వదలకండి. పెద్ద బల్ల చుట్టూ ఆరు డబ్బాలు తెరిస్తే ఎవరి ఇంట్లో ఏం వండుతారో, ఎవరు ఎవరి కూర ముట్టరో బయటపడుతుంది. మీ ఇంటిపేరేంటి, మీ సొంతూరు ఎటువైపు అన్న ప్రశ్నలు కూడా ఆ బల్ల దగ్గరే వస్తాయి. ఆ ప్రశ్నల్లో కులం పేరు వినిపించదు, కానీ అడిగేది మాత్రం దాని గురించే. కులం ఊసే లేని తెలుగు ఆఫీసు ప్రేమకథ రాయడం మీ ఇష్టం. రాస్తే మాత్రం పెళ్లి సీనులో హఠాత్తుగా దించొద్దు, మొదటి భాగంలోనే డబ్బా మూత తీసి పెట్టండి.

ఆరో మెట్టు: క్యాలెండర్‌తో ప్లాటు

ప్రేమ గ్రాఫు గీసి దానికి సంఘటనలు అతికించడం కంటే, ఆఫీసు ఏడాదిని ముందు పరిచి దాని మీద ప్రేమను నడిపించడం తేలిక. మామూలుగా బ్యాంకు ఆఫీసర్లు ఒక శాఖలో రెండు మూడేళ్లు ఉంటారు కాబట్టి, మౌనిక చేరిన రోజుతో మొదలుపెట్టకండి. రెండో ఏడాదిలో మొదలుపెడితే పని నేర్చుకునే సీన్లు తప్పుతాయి, బదిలీ నీడ మొదటి నుంచే ఉంటుంది.

జూన్. ఖరీఫ్ అప్పుల రద్దీ. ఇద్దరి మధ్యా పని తగాదా: ఒక రైతు కాగితాల్లో లోపం, ఇవ్వొద్దంటుంది ఆమె, మనిషి నాకు తెలుసంటాడు అతను.

సెప్టెంబరు, అక్టోబరు. సద్దుల బతుకమ్మకు ఇంటికెళ్లాలి ఆమెకు. తాళం ఎవరికి అప్పగించాలి? ఆరుగురి శాఖలో అదే పెద్ద సమస్య. అతను తన సెలవు వెనక్కి తీసుకుంటాడు. బదులుగా సంక్రాంతికి ఆమె ఉండిపోతానంటుంది. పండగల మార్పిడి జరిగింది, ఎవరూ ప్రేమ అన్న మాట అనలేదు.

జనవరి. గోదావరి జిల్లాల్లో భోగికి ముందు నగదు కోసం జనం విరగబడతారు. ఆ వారం రాత్రి దాకా పని.

ఫిబ్రవరి. తేడా వచ్చే రోజు. దీన్ని జాగ్రత్తగా కట్టండి. లక్షా యాభై వేలు అడిగిన ఖాతాదారుకు ఐదు వందల ప్యాకెట్లు మూడు ఇవ్వాలి, నాలుగు వెళ్లాయి. సాయంత్రం యాభై వేలు తక్కువ. క్యాషియర్ తక్కువొచ్చిన సొమ్ము తన జేబులోంచి కట్టాలి, అదీ ఆ రోజే. భాస్కర్ దగ్గర అంత లేదు. మౌనిక దగ్గర ఉంది. ఆమె ఇస్తే? ప్రేమగా కనిపించేది రేపు విచారణలో కుమ్మక్కుగా కనిపిస్తుంది. ఇవ్వకపోతే? ఆమె తన పేరు కాపాడుకున్నట్టు అతనికి కనిపిస్తుంది. మొత్తం కథకు ఇది నడుము. ఇక్కడ కనీసం మూడు వేల పదాలు పెట్టండి. కెమెరా రికార్డు వెనక్కి తిప్పి నాలుగో ప్యాకెట్టు ఎవరికి వెళ్లిందో వెతకడం, రాత్రి ఆ ఖాతాదారు ఇంటికి వెళ్లడం, అతను ఒప్పుకోవడమో బుకాయించడమో, అన్నీ ఇందులోనే.

తేడాకు ముందు ఒక చిన్న సీను వేసి ఉంచాలి. ఆఫీసరు క్యాషియర్ నగదును సరిచూసి సంతకం పెట్టాలి. జంట దగ్గరయ్యాక ఆమె ఒక సాయంత్రం లెక్కపెట్టకుండా సంతకం చేసేస్తుందనుకోండి. ప్రేమకు నిదర్శనంగా బావుంటుంది, చాలామంది రచయితలు అక్కడితో మురిసిపోతారు. దానికి రెండోవైపు రాయండి. ఆ నమ్మకం వల్ల ఒక తప్పు దొరకలేదు. లేదా ఇంకోలా: ప్రేమ ముదిరాక కూడా ఆమె ప్రతి ప్యాకెట్టూ లెక్కపెడుతూనే ఉంది, అతనికి మొదట బాధ, తర్వాత అదే గౌరవమని అర్థమైంది. మాకైతే ఈ రెండోదే నచ్చుతుంది.

మార్చి 31, వార్షిక ముగింపు. శాఖలో అర్ధరాత్రి దాకా లైట్లు. ఏప్రిల్ 1న ఖాతాదారులకు సేవలుండవు. ఆ రెండు రోజుల మధ్య రాత్రి అసలు మాట చెప్పుకునే సీనుకు చోటు.

మే. బదిలీల జాబితా.

నడిమధ్యలో విడదీయాలంటే ఇంకో దారి ఉంది. సున్నితమైన పోస్టుల్లో ఉన్నవాళ్లను ఏడాదికోసారి కనీసం పది పనిదినాలు ఏకబిగిన, ముందస్తు కబురు లేకుండా సెలవు మీద పంపాలని రిజర్వు బ్యాంకు నియమం. ఏ పోస్టులు ఆ జాబితాలోకి వస్తాయన్నది బ్యాంకును బట్టి ఉంటుంది. పొద్దున తాళం అప్పగించి వెళ్లిపొమ్మంటే, ఎందుకో తెలియని ఊరు ఏమనుకుంటుంది? పుకారుకు ఇంతకంటే ఎరువు లేదు.

సాఫ్ట్‌వేర్ కథ అయితే

హైదరాబాద్ ఐటీ కథకూ ఇదే పద్ధతి, సామాన్లు మారతాయి. క్యాలెండర్‌లో అప్రైజల్, రిలీజు రాత్రులు, అరవై లేదా తొంభై రోజుల నోటీసు పీరియడ్. ఆ తొంభై రోజులు ప్రేమకథకు భలే గడువు: రాజీనామా ఇచ్చేశారు, ఇంకా రోజూ ఎదురుపడుతూనే ఉంటారు. రాత్రి షిఫ్టు క్యాబులో ఆడవాళ్లు ఒంటరిగా మిగిలే దారిలో చాలా కంపెనీలు సెక్యూరిటీ గార్డును ఎక్కిస్తాయి, కాబట్టి క్యాబులో ఏకాంతం రాసే ముందు ముందు సీట్లో ఆ మనిషిని కూర్చోబెట్టండి. కంపెనీ చాట్‌లో ప్రేమ కబుర్లు రాయొద్దు, ఆ రికార్డు కంపెనీ చేతిలో ఉంటుంది, మీ పాత్రలకు ఆ సంగతి తెలుసు. సొంత ఫోన్లో రాసుకుంటారు. మెట్రోలో అమీర్‌పేట దగ్గర మారాల్సినవాళ్లు ఇద్దరూ రెండు వేరు లైన్లకు వెళ్తే, ఆ స్టేషన్ మెట్లే మీ రోజువారీ వీడ్కోలు.

మేనేజరు, అతని కింద పనిచేసే అమ్మాయి అన్న జంటను ఎంచుకుంటే ముందుగా ఒకరి చేత టీము మార్పించండి. ఆమె జీతం పెంపు అతని చేతిలో ఉన్నంతకాలం ఆమె ఔనన్నది మనస్ఫూర్తిగానా, భయంతోనా అన్న సందేహం పాఠకుడిని వదలదు.

ఏడో మెట్టు: చట్టం తెలుసుకుని రాయండి

ఒకప్పుడు వెంటపడటమే ప్రేమగా చెల్లిపోయింది. ఇప్పుడు అదే సీను రాస్తే పాఠకురాలు హీరో మీద ఫిర్యాదు చేయాలనుకుంటుంది, న్యాయంగానే. పనిచేసే చోట మహిళల మీద లైంగిక వేధింపులను ఆపడానికి సుప్రీంకోర్టు 1997 విశాఖ తీర్పుతో (విశాఖ అంటే ఊరు కాదు, కేసు వేసిన సంస్థ) మార్గదర్శకాలొచ్చాయి, 2013లో చట్టమొచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షురాలు పెద్ద హోదాలోని మహిళ, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటి నుంచి ఒకరు. అంతకంటే తక్కువమంది ఉన్న సంస్థలవాళ్లు జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు, తగిన కారణముంటే ఇంకో మూడు నెలల గడువు, విచారణకు తొంభై రోజులు. ఫిర్యాదు చేసినామె పేరు, విచారణ వివరాలు బయటపెట్టకూడదు.

కథలో దీన్ని ఎలా వాడాలి? రచయితలు చేసే తప్పు, అబద్ధపు ఫిర్యాదును మలుపుగా పెట్టడం. తేలికైన మలుపు, పైగా నిజంగా ఫిర్యాదు చేయాల్సినవాళ్లకు చేటు. దానికంటే హీరో ఒకసారి అడగాలి, ఆమె ఇప్పుడొద్దంటే మళ్లీ ఆమె ఎత్తేదాకా ఎత్తకూడదు. ఆ మౌనాన్ని రాయండి. రోజుకు రెండుసార్లు సేఫు దగ్గర నిలబడుతూ, అడిగిన మాట అడగనట్టే ఉండటం. అతను ఎలాంటి మనిషో ఆ వారం రోజుల్లోనే తేలిపోతుంది.

పెళ్లి దాకా తెస్తే గడువులు సరిచూసుకోండి. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుంటే, ఇద్దరిలో ఒకరైనా కనీసం ముప్పై రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసు ఇవ్వాలి, ఆ తర్వాత అభ్యంతరాలకు ముప్పై రోజులు. ఆ నోటీసు పెళ్లిళ్లు రిజిస్టరు చేసే ఆఫీసు గోడకు అంటిస్తారు. చిన్న ఊళ్లో గోడ మీద కాగితం అంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా! ఇద్దరూ హిందువులైతే కులాలు వేరైనా హిందూ వివాహ చట్టం కింద గుడిలోనో ఇంట్లోనో చేసుకుని రిజిస్టరు చేయించుకోవచ్చు, ఈ ముప్పై రోజుల నిరీక్షణ లేకుండా. ఈ తేడా తెలియక కులాంతర జంటలన్నిటినీ నోటీసు బోర్డు దగ్గర నిలబెట్టే కథలు కనిపిస్తుంటాయి.

ఎనిమిదో మెట్టు: కొలతలు, తిరగరాత

కథైతే రెండున్నర వేల పదాలు, ఐదు సీన్లు, పిలుపు ఒక్కసారే మారాలి. ఆన్‌లైన్ సీరియలైతే భాగానికి వెయ్యి నుంచి పదిహేను వందల పదాలు, ప్రతి భాగంలో ఒక్క పని అయినా పూర్తవ్వాలి: ఒక అప్పు మంజూరు, ఒక లెక్క సరిపోవడం, ఒక బదిలీ దరఖాస్తు. నవలైతే నలభై వేలు, మొదటి స్పర్శ పదిహేను వేల పదాల కంటే ముందు వద్దు. బండిల్ అందుకునేటప్పుడు చేతులు తగలడం దాని కిందకు రాదు, అవి పని చేతులు.

మొదటి డ్రాఫ్టు అయ్యాక రెండు రంగుల పెన్నులు తీసుకోండి. పని జరిగే వాక్యాల కింద ఒక రంగు, మనసు చెప్పే వాక్యాల కింద ఇంకో రంగు. మనసు రంగు వరుసగా ఒకటిన్నర పేజీ దాటితే అక్కడ ఎవరైనా ఒక ఖాతాదారును పంపండి. పని రంగే మూడు పేజీలు నడిస్తే మీరు బ్యాంకు మాన్యువల్ రాస్తున్నారు, ఆపండి.

ఆ ఉద్యోగం చేసేవాళ్లు ఒకరికి చదివించండి. ప్రేమ బాగుందా అని అడగొద్దు. ఈ పని ఇలాగే జరుగుతుందా, ఈ మాట మీరు ఇలాగే అంటారా అని అడగండి. క్యాషియర్లు షార్టేజ్ అంటారు, రచయితలు నగదు కొరత అని రాస్తారు. అలాంటివన్నీ మార్చండి.

ముగింపు సీను

బదిలీ రద్దు కావడం, పై అధికారి మనసు కరగడం, తల్లి హఠాత్తుగా కోలుకోవడం, ఈ మూడూ వద్దు. మన కథలో తీరాల్సింది ఒకటే: ఎవరు ఏమి వదులుకున్నారు. భాస్కర్ ప్రమోషన్‌కు ఒప్పుకుని ఊరు వదలొచ్చు. మౌనిక బదిలీ మీద వెళ్లి, పెళ్లి చేసుకుని దగ్గరి శాఖకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. భార్యాభర్తలను వీలైనంతవరకు దగ్గర్లో ఉంచాలన్న ఆనవాయితీ ప్రభుత్వ రంగంలో ఉంది కానీ అది హక్కు కాదు, అర్జీ మాత్రమే. ఏదైనా సరే, అది ఫిబ్రవరి నాటి యాభై వేల రాత్రి వాళ్లు చేసిన పని నుంచే రావాలి.

చివరి సీను సేఫు దగ్గరే పెట్టండి. తాళం అప్పగించేటప్పుడు రిజిస్టర్లో తేదీ, సమయం, ఇచ్చినవారి సంతకం, తీసుకున్నవారి సంతకం ఉంటాయి. మౌనిక తాళం కొత్త ఆఫీసరుకు ఇస్తుంది. కొత్తాయన చదువుకుని సంతకం పెడతాడు. భాస్కర్ తన తాళంతో పక్కన నిలబడి ఉంటాడు, ఆ పేజీలో అతని సంతకానికి గడి లేదు. అటెండరు టీ తెస్తాడు, అలవాటు కొద్దీ ఆ ఇద్దరికీ రెండు కప్పులే.